బల్బుకి దొంగెవరో తెలియదు

నా అసలు పేరు పెళ్ళిపత్రిక మీద ఒకసారి, కూతుర్ని బడిలో వేసినప్పుడు ఒకసారి పనికొచ్చింది. మిగతా లోకానికంతా నేను బల్బుని. పిల్లలకి బల్బత్తని, తోటికోడలికి బల్బక్కని. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో కూడా ఎవరో చుట్టాలొచ్చి అంటించి పోయారు, అక్కడ బల్బు మేడమ్‌ని. పెళ్ళైన కొత్తలో మా ఆయన్ని అడిగాను, మీరైనా పేరు పెట్టి పిలవండి అని. నాలుగు రోజులు పిలిచి మానేశాడు. "పేరు పెట్టి పిలిస్తే నువ్వు పలకట్లేదే" అన్నాడు. నిజమే, పిలిచేది నన్నేనని నాకు తోచేది కాదు.

ఈ పేరు పెట్టింది మా బావ, మావయ్య కొడుకు. పాము పగ అంటారు గానీ, పాము పాపం అప్పుడప్పుడూ కుబుసమైనా విడుస్తుంది. నేను ఏదీ విడవలేదు. బావ ఎదురుపడితే నవ్వేదాన్ని, ఆరోగ్యం ఎలా ఉందని అడిగేదాన్ని, లోపల మాత్రం వాడు ఎప్పుడు కాలు జారి పడతాడా అని చూస్తుండేదాన్ని. చాలాసార్లు మెట్ల దగ్గర ఆశపడ్డాను కూడా.

మేము పిల్లలుగా ఉన్నప్పుడు మావయ్య తన ఇంటి ముందుగదిలో వీడియో గేముల కొట్టు పెట్టాడు. వరసగా డబ్బా టీవీలు, వాటి కింద గేమ్ పెట్టెలు, ఎప్పుడూ ఎవరిదో ఒకరి వంతు మీద కొట్లాట. నేను ఆ గోలలోకి పోయేదాన్ని కాదు. నా ప్రాణమంతా మూలనున్న టీవీ మీద. దానికి తుపాకీ ఉండేది. బూడిదరంగు ప్లాస్టిక్ తుపాకీ, దాని పిడి కిందనుంచి పెట్టెలోకి పోయే వైరు, నొక్కితే టక్కుమనే ట్రిగ్గరు. ఆటలో మనం పోలీసు. తెర మీద ఒక వీధి, ఇళ్ళు, కిటికీలు. ముసుగు దొంగ ఏదో ఒక కిటికీలోంచి తల బయటపెడతాడు, వాడు మనల్ని కాల్చేలోపు మనం వాణ్ణి కాల్చాలి. చిక్కల్లా ఏమిటంటే ఆ కిటికీల్లోనే అమాయకులూ వస్తారు. చంటిపిల్లని ఎత్తుకున్న ఆవిడ, చేతులెత్తిన ముసలాయన, ఒక్కోసారి మన తోటి పోలీసే. వాళ్ళని కాలిస్తే విజిల్ మోగి, తెర అడుగున ఉన్న మూడు బ్యాడ్జీల్లో ఒకటి ఎగిరిపోతుంది. మూడూ పోతే పోలీసు ఉద్యోగం ఊడినట్టే, ఆట అక్కడితో సరి.

మగపిల్లలంతా చేతివేగాన్ని నమ్ముకునేవారు. నేను కళ్ళని నమ్ముకున్నాను. అమాయకులు వచ్చేముందు కిటికీ తెర కొంచెం కదులుతుంది, దొంగ వచ్చేముందు కదలదు. ఈ సంగతి కనిపెట్టి ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాను. అందుకే నా చేతిలో ఒక్క చంటిపిల్ల తల్లి కూడా పోలేదు.

ఆ తుపాకీ గురించి కొట్టులో అందరికీ తెలిసిన మాట ఒకటుండేది. దాంట్లోంచి గుండూ రాదు, కిరణమూ రాదు, అది వెలుగుని చూస్తుంది, అంతే. ట్రిగ్గరు నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, మనుషులున్న చోట తెల్లటి గడులు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. గొట్టానికి ఆ తెలుపు కనబడిందా, తగిలినట్టు. కాబట్టి తెరని వదిలేసి పైన వేలాడే బల్బుకి గురిపెడితే, గురి రానివాడికి కూడా తగులుతుంది. సీసాలు పగలగొట్టే ఆటలో ఈ వేషం వేసి మావయ్య చేత మొట్టికాయలు తిన్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

సెలవుల్లో మావయ్య పోలీసు ఆటకి పోటీ పెట్టాడు. గెలిచినవాళ్ళు ఆ పెట్టె, తుపాకీ ఇంటికి పట్టుకుపోవచ్చు, ఇక అవి వాళ్ళవే. చివరికి బావా నేనూ మిగిలాం. బావ ఆ గదిలోనే పాకి, ఆ గదిలోనే నడక నేర్చినవాడు. వాడే గెలుస్తాడని అందరూ అనుకున్నారు, అందరికంటే ఎక్కువగా వాడు అనుకున్నాడు. ఆఖరి వీధిలో కంగారుపడి ముసలాయన్ని కాల్చాడు. ఆ కంగారులో తోటి పోలీసుని కాల్చాడు. అప్పటికే ఒక బ్యాడ్జీ పోయి ఉంది కాబట్టి ఔటయ్యాడు. నేను మూడు బ్యాడ్జీలూ ఉంచుకుని ఆ వీధి దాటాను. మావయ్య బోర్డు మీద సుద్దతో పెద్దపెద్ద అక్షరాలతో నా పేరు రాశాడు.

బావ లోపలిగదిలోకి పోయి కర్టెను వేసుకున్నాడు. వాడి ఏడుపు బయటికి వినబడుతూనే ఉంది. మావయ్య లోపలికి వెళ్ళాడు. కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. బావ మొహం కడుక్కుని ఉన్నాడు.

"అది బల్బుని కాల్చింది" అన్నాడు.

గదిలో అందరూ నావైపు తిరిగారు. ఆట జరుగుతున్నంతసేపూ వాళ్ళు తెరనే చూశారు, తుపాకీ ఎటు ఉందో చూసినవాళ్ళు లేరు. లేదన్నాను. మళ్ళీ ఆడతాను, ఈసారి నన్ను చూడండి అన్నాను. మావయ్య నా తల నిమిరాడు.

"వద్దులే అమ్మడూ. ఆటే కదా" అని ప్లగ్గు పీకేశాడు.

బోర్డు మీద నా పేరు తన చేత్తోనే తుడిచాడు. ఆయన నావైపు తిరక్కుండా తుడవడం చూసి, పాపం మావయ్యకి ఎంత కష్టంగా ఉందో అనుకున్నాను. కన్నకొడుకు అబద్ధమాడితే తండ్రి మాత్రం ఏం చేస్తాడు. ఆ సాయంత్రం నన్ను సైకిలు మీద ఎక్కించుకుని ఇంటిదాకా దింపాడు, దారంతా కబుర్లు చెప్పాడు. ఆ రోజే నా లోపల ఖాయమైపోయింది, మావయ్య మంచివాడు, బావ దొంగ. పెట్టె, తుపాకీ బావ దగ్గరే ఉండిపోయాయి. నాకు పేరొక్కటి మిగిలింది.

తర్వాత బావ నోటికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. కరెంటు పోతే "బల్బుని పిలవండి" అనేవాడు. పరీక్షలో నాకు మంచి మార్కులొస్తే "ఏ బల్బుని కాల్చిందో" అనేవాడు. నా పెళ్ళికి రంగుకాగితం చుట్టిన చిన్న డబ్బా ఇచ్చి, నలుగురి ముందూ విప్పించాడు. లోపల బల్బు. అందరూ పగలబడి నవ్వారు. సంగతేమిటో తెలియకపోయినా మర్యాదకి మా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే పుండు మీద కారం ఇంకాస్త పడుతుందని ఆపాటికే నేర్చుకున్నాను.

ఈమధ్య మావయ్య పుట్టినరోజని అందరం కలిసి భోంచేశాం. బావ ఆ కథ మళ్ళీ మొదలుపెట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ప్రతిసారీ కథకి కొత్త కొమ్మ మొలుస్తుంది. ఈసారి నేను కుర్చీ ఎక్కి బల్బుకి తుపాకీ ఆనించి మరీ కాల్చానట. అందరూ నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. ఇంటికి వస్తుంటే స్కూటర్ మీద వెనకనుంచి నా భుజం తట్టింది.

"అమ్మా, నిజంగా మోసం చేశావా?"

"లేదే."

"మరి వాళ్ళు నవ్వుతుంటే నువ్వెందుకు నవ్వావు?"

ట్రాఫిక్కులో వినబడనట్టు నటించాను. అది వదల్లేదు. "పరీక్షల్లో చూసి రాస్తే కాళ్ళు విరగ్గొడతానంటావుగా నన్ను" అంది, నెమ్మదిగానే. ఇన్నేళ్ళలో బావ అన్న మాటలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. నా కూతురి కళ్ళలో నేను దొంగనైపోతున్నాను. ఆ రాత్రి ఒకటే పట్టుదల పట్టాను. మోసం చేయలేదన్న మాట బావ నోటితోనే, నలుగురూ ఉన్నచోట, నా కూతురు వింటుండగా అనిపించాలి. ఆ తర్వాత వాణ్ణి చూసి జనం నవ్వాలి. రెండోది లేకుండా మొదటిది నాకు అక్కర్లేదు.

దేవుడున్నాడో లేదో గానీ అవకాశం మాత్రం నడిచొచ్చింది. పాత వీడియో గేముల మీద జనానికి మళ్ళీ మోజు పుట్టిందని, మావయ్య ముందుగదిని మునుపటిలాగే తయారుచేసి మళ్ళీ కొట్టు తెరుస్తున్నాడు బావ. పాత డబ్బా టీవీలు వెతికి తెచ్చాడు, ఎందుకంటే ఇప్పటి పల్చటి టీవీల్లో బొమ్మ ఒక రవ్వ ఆలస్యంగా వస్తుంది, తుపాకీకి ఏదీ కనబడదు. అన్నీ కుదిరాయి గానీ తుపాకీ పలకడం లేదు. టీవీలు బాగుచేసే మనిషి చుట్టాల్లో ఒక్కడే ఉన్నాడు, అది మా ఆయన. బావ పెట్టెనీ తుపాకీనీ సంచిలో వేసి ఆయన షాపుకి పంపాడు.

మా ఆయన బల్ల మీద తుపాకీ విప్పి పడుకోబెట్టి ఉంటే చూశాను. వైరు లోపల తెగింది, స్ప్రింగు తుప్పు పట్టింది, గొట్టం చివర చిన్న ప్లాస్టిక్ లెన్సు. లెన్సులతో నాకు రోజూ పనే. దాన్ని ఒక వెంట్రుకవాసి పక్కకి జరిపి అతికిస్తే చాలు, ప్రారంభం రోజున బావ ఎంత సూటిగా కాల్చినా గురి తప్పుతూనే ఉంటుంది. జనం నవ్వుతారు. మా ఆయన టీ తాగడానికి బయటికెళ్ళగానే పట్టకారు తీశాను. తిరిగొచ్చి నా చేతిలో పట్టకారు చూశాడు.

"ఏం చేస్తున్నావు?"

"మీకెందుకు?"

"నా షాపులోంచి పోయే వస్తువు సరిగ్గా కొట్టాలి. తర్వాత నీ ఇష్టం, కావాలంటే దాంతో మీ బావ నెత్తి మీద కొట్టు" అని పట్టకారు లాక్కున్నాడు. "అయినా వాడన్నది ఎప్పటి మాట. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఆ కంద నేనేనండీ. దురద నాదే" అన్నాను. ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు.

వైరు అతికి, స్ప్రింగు మార్చి, గేమ్ పెట్టెని బల్ల పక్కనున్న డబ్బా టీవీకి తగిలించాక తుపాకీ నా చేతికిచ్చాడు. "పరీక్ష నువ్వే చెయ్యి, నాకు ఆ దొంగలెవరో దొరలెవరో తెలియదు" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత దాన్ని పట్టుకున్నాను. కిటికీ తెర కదిలింది, ఆగాను. కదల్లేదు, కాల్చాను. చెయ్యి ఏదీ మర్చిపోలేదు. ఒక వీధి దాటాను, రెండో వీధి దాటాను. మా ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నన్నే చూస్తున్నాడు. "ఇంత బాగా కాలుస్తావా?" అన్నాడు. ఆ మాటకి సంతోషించాలా ఏడవాలా తెలియలేదు. కాపరానికొచ్చి ఇన్నేళ్ళయింది, ఈయన కూడా బావ మాటే నమ్మాడన్నమాట. ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద మా ఆయన షార్టులు వెతకడానికి వాడే సిరీస్ బల్బు వెలుగుతోంది, పాతకాలపు తీగ బల్బు. ఇదేగా నా కొంప ముంచింది అనుకుని, కసిగా దానికి గురిపెట్టి ట్రిగ్గరు నొక్కాను.

తెర మీద దొంగ పడిపోయాడు. పక్క కిటికీలో చంటిపిల్లని ఎత్తుకున్న ఆవిడా పడిపోయింది. విజిల్ మోగింది, బ్యాడ్జీ పోయింది.

మళ్ళీ నొక్కాను. దొంగ, ముసలాయన, ఇద్దరూ ఒక్క దెబ్బకి. మళ్ళీ విజిల్. ఇంకోసారి నొక్కితే ఆట అయిపోయింది.

"అంతే కదా" అన్నాడు మా ఆయన మామూలుగా. "దొంగ తగిలాడా అని పెట్టె అడుగుతుంది, బల్బు వెలుగు చూసి తుపాకీ అవునంటుంది. ఆవిడ తగిలిందా అంటే దానికీ అవునంటుంది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. బల్బుకి దొంగెవరో ఏం తెలుసు?"

నేను కుర్చీలో కూలబడ్డాను. సీసాల ఆటలో సీసాలు తప్ప ఏమీ ఉండవు కాబట్టి బల్బు పనిచేసింది. పోలీసు ఆటలో బల్బుని కాల్చినవాడు మొదటి వీధి కూడా దాటలేడు. నేను మూడు బ్యాడ్జీలతో ముగించానని ఆ గదిలో అందరూ చూశారు. నేను మోసం చేయలేదనడానికి సాక్ష్యం ఆ రోజు నుంచీ తెర మీదే ఉంది. నా మీద వేలెత్తినవాడు ఒక్కసారైనా బల్బుని కాల్చి చూడలేదు. రోషం కొద్దీ నేనూ చూడలేదు. అబద్ధమాడినా గోడ కట్టినట్టుండాలంటారు, బావ కట్టిన గోడకి పునాదే లేదు. అది తెలియక ఇంతకాలం దాని కింద నలిగాను.

మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను, ఈ మాట బయటికి పొక్కకూడదని. తుపాకీని శుభ్రంగా తుడిచి, సరిగ్గా కొట్టే తుపాకీనే పంపించాం.

ప్రారంభం రోజున ఆ గది చుట్టాలతో, వీధిలో పిల్లలతో కిక్కిరిసిపోయింది. బావ కొత్త చొక్కా వేసుకుని మైకు పట్టుకుని తిరుగుతున్నాడు. మావయ్యని ముందు వరసలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన పెట్టుకున్న కళ్ళజోడు నేనే ఇచ్చాను, అందులో తెర బాగా కనబడుతుందని నాకు తెలుసు. నన్ను చూడగానే బావ మొహం వెలిగిపోయింది.

"వచ్చిందండీ మా బల్బు" అన్నాడు మైకులో. "చూశావా, నీ కోసం పాతకాలం బల్బే వెతికి తెచ్చి, పాత చోటే వేలాడదీశాను."

నిజంగానే వేలాడదీశాడు, పోలీసు ఆట టీవీకి ఎదురుగా. నా పని ఇంత సులువు చేసినందుకు వాడికి దణ్ణం పెట్టాలనిపించింది.

"కథ ఊరికే చెప్తే ఏం బాగుంటుంది బావా" అన్నాను. "పిల్లలకి చేసి చూపించు. నేనెలా కాల్చానో."

"చూపించనా?"

"చూపించు. కుర్చీ కూడా ఎక్కు."

అందరూ నవ్వారు. మా అమ్మాయి గోడవారగా నిలబడి నన్ను విచిత్రంగా చూస్తోంది. బావ మైకు మావయ్య ఒళ్ళో పెట్టి, తుపాకీ తీసుకుని కుర్చీ ఎక్కాడు. ఆట మొదలైంది. బల్బుకి గొట్టం ఆనించి, జనం వైపు తిరిగి కన్నుకొట్టి, టక్కుమని నొక్కాడు.

విజిల్ మోగింది.

"అంకుల్, మీరు పాపనీ వాళ్ళమ్మనీ చంపేశారు" అన్నాడు ముందున్న పిల్లవాడు.

బావ తెర వైపు చూసి, మళ్ళీ నొక్కాడు. ఈసారి ముసలాయన పోయాడు. పిల్లలు కేకలు పెట్టారు. "ఉండండి, చెయ్యి తగిలింది" అని ఇంకోసారి నొక్కాడు. తోటి పోలీసు పోయాడు, మూడో బ్యాడ్జీ పోయింది, ఆట అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా తొందరగా అయిపోయింది. నవ్వులు గది పట్టలేదు. కుర్చీ మీద కొత్త చొక్కాలో, చెమటలు కారుతూ, బల్బుకి తుపాకీ ఆనించుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది. ఆ ఘడియ కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో, అంత తీరుబడిగా చూశాను. తర్వాతే నోరు విప్పాను.

"నేను మూడు బ్యాడ్జీలతో ముగించాను బావా. ఈ గదిలో సగంమంది చూశారు. బల్బుని కాలిస్తే ఎన్ని మిగులుతాయో ఇప్పుడు నువ్వే చూపించావు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటావా, లేకపోతే నిజం చెప్తావా?"

నవ్వులు ఆగిపోయాయి. బావ కుర్చీ దిగాడు. వాడి మొహంలో దొరికిపోయిన దొంగ భయం కోసం వెతికాను. అది లేదు. ఏమీ అర్థంకాని మొహం పెట్టుకుని వాడు నావైపు కాదు, మావయ్య వైపు తిరిగాడు.

"నాన్నా, నువ్వే కదా చెప్పావు. బల్బుని కాల్చడం నీ కళ్ళారా చూశానని."

మావయ్య ఒళ్ళోని మైకుని బోర్లా తిప్పాడు.

"లోపలిగదిలో నన్ను దగ్గరకి తీసుకుని చెప్పావు. ఏడవకురా, నువ్వు ఓడిపోలేదు, అది బల్బుని కాల్చింది, నేను చూశాను అన్నావు. నేనింకా ఆ మాటే నమ్ముతున్నాను."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను మావయ్య దగ్గరకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో కూడా తెలియదు, బహుశా కాదని చెప్తాడేమోనని. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మా ఇద్దరికి మాత్రమే వినబడేంత చిన్న గొంతుతో మాట్లాడాడు.

"వాడు ఏడుస్తున్నాడమ్మడూ. ఊపిరి ఆడనట్టు ఏడ్చాడు. నువ్వు గట్టి పిల్లవి. నువ్వు ఏడవలేదు."

"ఏడవలేదు కాబట్టి నాకేమీ కాదనుకున్నావా?"

"ఆటే కదా, రెండు రోజుల్లో మర్చిపోతారనుకున్నాను."

"నువ్వు కొట్టు యజమానివి. బల్బు సంగతి నీకు తెలుసు కదా మావయ్యా. అందుకే నన్ను మళ్ళీ ఆడనివ్వలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అవునని వేరే చెప్పనక్కర్లేదు. బావ మీద పెంచుకున్న పగ ఉందే, అది పిల్లలా పెరిగి పెద్దదైంది. ఇప్పుడు చూస్తే అది పెరగాల్సింది ఇంకొకరి మీద. సైకిలు మీద నన్ను కబుర్లు చెబుతూ దింపిన మనిషి, నా నెత్తి మీద ఏ నింద పెట్టాడో తెలిసే దారంతా తొక్కాడు. నేను వెనక కూర్చుని ఆయన నడుం పట్టుకున్నాను.

"ఆ మాట మైకులో చెప్పు" అన్నాను. "మా అమ్మాయి అక్కడ నిలబడింది. దానికి వినబడాలి."

మావయ్య మైకు ఎత్తాడు. చెప్తాడనే అనుకున్నాను. ఒక్కసారి కొడుకు వైపు చూశాడు. బావ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదవి వణుకుతోంది. అది చూడగానే మావయ్య మాట మార్చాడు.

"యంత్రం పాతదైపోయిందండీ" అన్నాడు మైకులో, అందరికీ వినబడేలా. "ఇప్పుడిలా తప్పు చూపిస్తోంది గానీ, ఆ రోజుల్లో బల్బుని కాలిస్తే దొంగలే పడేవాళ్ళు. నేను చూశాను. మా అమ్మడు చిన్నపిల్ల, సరదాకి చేసింది. ఆటే కదా, ఎవరూ ఏమీ అనుకోకండి."

మళ్ళీ అదే పని, అదే మెత్తటి గొంతుతో, ఈసారి నా కూతురి ముందు. జనంలో ఒకరిద్దరు తలలూపారు కూడా. మా అమ్మాయి తల దించుకుంది.

బావ ముందుకొచ్చి తండ్రి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. లాక్కోలేదు, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకున్నాడు.

"యంత్రం బాగానే ఉంది" అన్నాడు. "బాగుచేసింది ఈమె మొగుడే, నిన్న నేనే ఆడి చూశాను. మా నాన్న అబద్ధం చెప్తున్నాడు. అప్పుడూ అబద్ధమే చెప్పాడు. ఆట గెలిచింది ఈమె, ఓడింది నేను. ఓడి ఏడ్చాను. ఆ ఏడుపు ఆపడానికి చెప్పిన మాటని పట్టుకుని ఈమె పెళ్ళిలో కూడా అల్లరి చేశాను." ఆగి, గోడవారగా ఉన్న మా అమ్మాయి వైపు తిరిగాడు. "మీ అమ్మ మోసం చేయలేదు తల్లీ. మీ అమ్మ పేరు..." అని నా అసలు పేరు పలికాడు. మైకులో గది మొత్తం మోగింది. ఈసారి నేను పలికాను, తలెత్తి.

నాకు సంతోషం కలగలేదని చెప్తే అబద్ధం. కలిగింది. మా అమ్మాయి జనాన్ని తోసుకుంటూ వచ్చి నా నడుం చుట్టుకుంది. మా ఆయన ఎక్కడో వెనక కళ్ళు తుడుచుకుంటూ తుమ్ము వచ్చినట్టు నటిస్తున్నాడు. బావ గేమ్ పెట్టెనీ తుపాకీనీ ఊడదీసి నా చేతుల్లో పెట్టాడు. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు వాడికి. నాకూ వాడి మీద మిగిలిందేమీ లేదు. నేను మోసిందంతా ఇప్పుడు ఇంకొకరి వైపు తిరిగి నిలబడింది. అది చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

గుమ్మం దగ్గర మావయ్య కుర్చీ అడ్డుగా ఉంది. దాటబోతుంటే నా కొంగు పట్టుకున్నాడు. ముసలివాడైపోయాడు, చెయ్యి తేలిగ్గా ఉంది.

"అమ్మడూ, వాడికి ఓటమి తట్టుకోవడం అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. తండ్రి మనసు నువ్వైనా అర్థం చేసుకుంటావనుకున్నాను."

ఆయన వేళ్ళు విడిపించాను.

"అర్థమైంది మావయ్యా. అందుకే ఇక ఈ గుమ్మం తొక్కను."